ఇంట్లో పార్లర్‌కి పర్మిషన్: కుర్చీ వచ్చేలోపు చేయాల్సిన పనులు

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు బ్యూటీషియన్ కోర్సు చేసింది, సర్టిఫికెట్ వచ్చింది. బయట షాపు తీసుకునే స్తోమత లేదు కాబట్టి ఇంట్లోనే ముందు గదిలో మొదలుపెడతానంటోంది. మాది అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. పర్మిషన్ సంగతి ఎత్తితే "మనింట్లో మనం చేసుకునేదానికి పర్మిషన్ ఏంటి నాన్నా, అందరూ ఇలాగే చేస్తున్నారు" అంటుంది. ఫేషియల్, వ్యాక్సింగ్, హెయిర్ కలర్, జెల్ నెయిల్స్, కనుబొమలకు మైక్రోబ్లేడింగ్ అన్నీ చేస్తుందట. కుర్చీకి అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎవరిని అడగాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది కుర్చీ మీదే. ఇచ్చింది అడ్వాన్సే కాబట్టి ఫరవాలేదు. షాపువాళ్లకి ఫోన్ చేసి డెలివరీ నెలా నెలన్నర వెనక్కి జరపమనండి. సామాను దిగాక ఓనర్ దగ్గరికి వెళ్తే ఆయనకది అడిగినట్టు ఉండదు, చెప్పినట్టు ఉంటుంది. ఒప్పుకునే మనిషి కూడా అక్కడే బిగుసుకుంటాడు.

పర్మిషన్ అనగానే ఒక ఆఫీసు, ఒక అప్లికేషన్, ఒక స్టాంపు అనుకుంటాం. ఇంట్లో చేసే బ్యూటీ పనికి మామూలుగా అలా ఒకే కాగితం ఉండదు. ఇల్లు ఎవరిదో వాళ్ల మాట ఒకటి, ఆ ఇంట్లో వ్యాపారం చేయొచ్చా అన్న స్థానిక సంస్థ మాట ఒకటి, చేసే పనిని బట్టి ఆరోగ్య శాఖ మాట ఇంకొకటి. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీ. ఫారాల పేర్లు, ఫీజులు ఊరిని బట్టి మారతాయి. వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం ఎక్కడైనా దాదాపు అవే. ఆ ప్రశ్నలకు జవాబులు ముందే రాసుకుంటే మీ పని సగం అయినట్టే.

మొదట అద్దె అగ్రిమెంట్ తీసి చదవండి. చాలా అగ్రిమెంట్లలో "నివాసానికి మాత్రమే" అనే మాట ఉంటుంది. ఉందంటే ఓనర్ ఒప్పుకోకుండా పార్లర్ మొదలుపెట్టడం అగ్రిమెంట్ దాటడమే. ఇల్లు ఖాళీ చేయించడానికి ఆయనకు అంతకన్నా కారణం అక్కర్లేదు. మెట్ల మీద ఎదురుపడ్డప్పుడు "చేసుకోండమ్మా, దానిదేముంది" అన్న మాటను పర్మిషన్‌గా లెక్కేయకండి. ఆ మనిషి రేపు ఇల్లు అమ్మేయొచ్చు, పిల్లల చేతికి అప్పగించొచ్చు. ఒక చిన్న ఉత్తరం రాసి, కింద ఆయన సంతకం తీసుకోండి. కుదరకపోతే మెసేజ్‌లోనైనా ఆయన చేత రాయించుకోండి. ఆ ఇంటి మీద ఆయనకు బ్యాంకు లోనో ఇన్సూరెన్సో ఉంటే అక్కడా అడగాల్సి రావచ్చు. ఆ సంగతి మీరే గుర్తు చేస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఓనర్లు వద్దనడానికి కారణం చాలాసార్లు పార్లర్ కాదు. సలహా కోసం వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. ఓనర్ సరేనన్నారు, పని మొదలైంది, రెండో నెలకల్లా ఆపేయమన్నారు. ఏమైందా అని తీరిగ్గా కనుక్కుంటే, వచ్చినవాళ్లంతా తెలియక కింది ఇంటి కాలింగ్ బెల్ కొడుతున్నారు. ఆ ఇంట్లో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి ఉన్నాడు. తలుపు పక్కన పేరు రాసిన చిన్న చీటీ, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో "పై అంతస్తు, ఎడమ తలుపు" అన్న ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ గొడవే లేదు. మీ ఇంటికి వచ్చే మనిషి వీధి గుమ్మం నుంచి కుర్చీ దాకా ఎలా వస్తుందో, ఎవరికి అడ్డం పడుతుందో ఒకసారి మీరే నడిచి చూడండి.

ఇక స్థానిక సంస్థ. అక్కడ వాళ్లు తేల్చుకోవాలనుకునేది ప్రధానంగా ఒకటే: ఈ ఇల్లు ఇంకా ఇల్లేనా, లేక షాపైపోయిందా? ఒక గది, ఒక కుర్చీ, రోజుకు ముగ్గురో నలుగురో వచ్చిపోవడం, సాయంత్రానికి ఆ గది మళ్లీ ఇంటివాళ్లది కావడం ఒక రకం. మూడు కుర్చీలు, ఇద్దరు హెల్పర్లు, బయట లైట్ల బోర్డు, రోడ్డు మీద వరసగా బళ్లు ఇంకో రకం. మొదటి రకాన్ని చాలాచోట్ల ఇంటి వాడకంలో భాగంగానే చూస్తారు, లేదా చిన్న రిజిస్ట్రేషన్‌తో వదిలేస్తారు. రెండోదానికి భవనం వాడకాన్నే మార్చుకోవాల్సి వస్తుంది. అద్దె ఇంట్లో అది జరిగే పని కాదు. కాబట్టి అమ్మాయి మొదటి రకంలోనే ఉండేలా చూసుకోవాలి, ఆ సంగతి కాగితం మీద కనిపించాలి.

ఆ కాగితం ఒక్క పేజీ చాలు. నేనైతే ఇలా రాయిస్తాను:

"ముందు గది ఒక్కటే వాడతాను. కుర్చీ ఒకటి. ఒకసారికి ఒకరే వస్తారు, అదీ అపాయింట్‌మెంట్ ఉంటేనే. రోజుకు నలుగురికి మించరు, ఒకరికీ ఒకరికీ మధ్య అరగంట ఖాళీ ఉంటుంది. పని వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు, వారానికి ఒకరోజు సెలవు. పనివాళ్లు లేరు. బయట బోర్డు పెట్టను. గదిలో కిటికీ ఉంది, చేతులు కడుక్కునే సింక్ పక్కనే ఉంది. చేసే పనులు ఇవి: …"

అరగంట ఖాళీ ఎందుకంటే, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ మెట్ల మీద గుమిగూడరు, కింద రెండు బళ్లు ఒకేసారి ఆగవు. అంతకన్నా ముఖ్యంగా సామాను కడిగి శుభ్రం చేసుకోవడానికి టైమ్ కావాలి. ఇదే పేజీ ఓనర్‌కి, ఆఫీసుకి, ఇన్సూరెన్స్‌కి అందరికీ పనికొస్తుంది. ఒకరికి నలుగురని, ఇంకొకరికి పదిమందని చెప్పకూడదు.

ఆ చుక్కలు పెట్టిన చోటే అసలు కథంతా ఉంది. చాలామంది "బ్యూటీ పార్లర్‌కి పర్మిషన్" అని అడుగుతారు. ఆరోగ్య శాఖవాళ్లు చూసేది పార్లర్ అన్న పేరును కాదు, చేసే పనుల్ని. మీ అమ్మాయి లిస్టులో ఐదు పనులున్నాయి కదా, అందులో మైక్రోబ్లేడింగ్‌ని ఇప్పటికి తీసేయమనండి. అది చర్మాన్ని గాటు పెట్టి రంగు దింపే పని, అంటే పచ్చబొట్టు కోవలోది. రక్తం తగులుతుంది. చర్మాన్ని చీల్చే పనులకు చాలాచోట్ల విడిగా లైసెన్సు, గది తనిఖీ, విడి శిక్షణ అడుగుతారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. ఈ ఒక్క పని కోసం మిగతా నాలుగింటి పర్మిషన్ ఆగిపోవడం నాకు తెలివైన పనిగా కనిపించదు. రెండేళ్లు పోయాక కావాలంటే విడిగా అప్లై చేసుకోవచ్చు.

ఈ సందర్భంలోనే ఒక వస్తువు గురించి చెప్పాలి. నీలి లైటు వెలిగే చిన్న డబ్బాను "స్టెరిలైజర్" అని పార్లర్ సామాను షాపుల్లో అమ్ముతారు. దాన్ని నమ్ముకోవద్దు. ఆ కాంతి తగిలిన పైభాగం మీదే పనిచేస్తుంది, కత్తెర కీలులోకి, ట్వీజర్ లోపలి అంచుకి చేరదు. సామాను నిజంగా క్రిమిరహితం కావాలంటే ముందు సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, తర్వాత ఆటోక్లేవ్‌లో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో, ఒత్తిడితో కూడిన ఆవిరి తగలాలి. 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు. తనిఖీకి వచ్చినవాళ్లు "ఎలా శుభ్రం చేస్తావమ్మా?" అని అడిగితే ఆ డబ్బా చూపించే అమ్మాయికీ, ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగిన అమ్మాయికీ తేడా వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. వ్యాక్సింగ్‌లో ఒకసారి ఒంటికి తగిలిన పుల్లను మళ్లీ వ్యాక్స్‌లో ముంచకూడదు. ఇది కోర్సులో చెప్పే ఉంటారు, రద్దీ రోజున మర్చిపోయేదీ ఇదే.

హెయిర్ కలర్‌కి ఒక నోటు పుస్తకం పెట్టించండి. శాశ్వత రంగుల్లో, ముఖ్యంగా ముదురు రంగుల్లో, పారాఫినైలిన్ డయమైన్ అనే పదార్థం ఉంటుంది. కొందరికి అది పడక ముఖమంతా వాచిపోతుంది. అందుకే 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త రాసి చూస్తారు. ఆ టెస్ట్ ఏ తేదీన చేసిందీ, ఏ బ్రాండు వాడిందీ, ఏమైనా దద్దురు వచ్చిందా అన్నదీ రాసి, వచ్చినావిడ సంతకం తీసుకోవాలి. "నేనెప్పుడూ వేయించుకునేదే కదా, టెస్ట్ ఎందుకు" అనేవాళ్లు ఉంటారు. ఎలర్జీ ఎన్నేళ్ల వాడకం తర్వాతైనా మొదలవ్వొచ్చు. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేవాటిలో ఆ పేజీ ముందుంటుంది.

జెల్ నెయిల్స్ చూడ్డానికి మెత్తటి పని, ఇంట్లో చేసేటప్పుడు మాత్రం రెండు చిక్కులు తెస్తుంది. జెల్‌లోని యాక్రిలేట్లు అనే రసాయనాలు గట్టిపడకముందు చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే సాధారణంగా పోదు. చేయించుకునేవాళ్లకన్నా రోజూ చేసే మీ అమ్మాయికే ఆ ముప్పు ఎక్కువ. రెండోది అసిటోన్, అంటే వేసిన జెల్‌ని తీయడానికి వాడే ద్రవం. అది సున్నాకి దిగువన, దాదాపు మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు లేకపోతే స్టవ్ మంట దాకా చేరగలదు. మీ ఇంటి నక్షా నాకు తెలియదు కానీ, ఆ రెండు గదుల మధ్య తలుపు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. చిన్న సీసాల్లోనే తెచ్చుకోవడం, మూత వెంటనే బిగించడం, కిటికీ తీసి ఉంచడం ఆ పేజీలో ఒక వాక్యంగా చేరిస్తే మంచిది.

ఇన్సూరెన్స్ అంటే చాలామంది పెదవి విరుస్తారు. మామూలు ఇంటి పాలసీ, ఇంట్లో వ్యాపారం నడిచినప్పుడు జరిగిన నష్టానికి సాధారణంగా వర్తించదు. చెప్పకుండా నడిపితే ఇంటికున్న రక్షణ కూడా చిక్కుల్లో పడొచ్చు. వచ్చినవాళ్లు జారిపడితే ఒక రకం పాలసీ, చేసిన పని వల్ల చర్మం కాలితే ఇంకో రకం. రెండూ కలిపి ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒక్కో పనికి శిక్షణ కాగితం చూపించమంటారు. కాబట్టి సర్టిఫికెట్‌లో ఏ పనుల పేర్లు ఉన్నాయో ఇప్పుడే చదవండి. జెల్ నెయిల్స్ పేరు లేకపోతే కోర్సు ఇచ్చిన చోటుకి వెళ్లి అడగాలి, లేదంటే ఆ పని కూడా కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

పన్ను సంగతికి ఇప్పుడే కంగారు పడకండి. మొదటి రోజు నుంచి విడి బ్యాంకు ఖాతా, రాబడీ ఖర్చూ రాసే పుస్తకం ఉంటే చాలు, మిగతాది ఆడిటర్‌ని అడగొచ్చు.

ఇక "అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్న మాట. అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు, చాలామంది అలాగే చేస్తున్నారు. అయితే ఆమెతో ఈ మాట అనండి: పర్మిషన్ లేని పార్లర్ దాక్కుని బతకాలి. ఈ రోజుల్లో పార్లర్‌కి జనం వచ్చేది ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు, అడ్రస్, రివ్యూల వల్లే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే సాక్ష్యంగా చూపించేవీ అవే. వ్యాపారం పెరిగే కొద్దీ భయం పెరిగే ఏర్పాటు ఎవరికి కావాలి? అధికారులు వాళ్లంతట వాళ్లు రావడం తక్కువ, మామూలుగా ఎవరో పొరుగువాళ్లు చెబితే వస్తారు. అందుకే పైనా కిందా ఉన్న ఇళ్లవాళ్లకి ముందే చెప్పి, ఫోన్ నంబర్ ఇచ్చి "ఇబ్బందైతే నాకే చెప్పండి" అనడం నా దృష్టిలో సగం పర్మిషన్‌తో సమానం.

మీకూ ఒక మాట. ఓనర్ దగ్గరికి మీరొక్కరే వెళ్లకండి. అమ్మాయిని తీసుకెళ్లండి, ఆమెనే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. రేపు ఒప్పుకోని కస్టమర్‌తో మాట్లాడాల్సింది ఆమే కదా.

ఓనర్ ఒద్దంటే? ఒద్దన్నట్టే, బతిమాలొద్దు. పెద్ద పార్లర్లలో కుర్చీని రోజుకో గంటకో అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. కస్టమర్ల ఇళ్లకే వెళ్లి చేసే పద్ధతీ ఉంది, దానికి ఇంటి పర్మిషన్ బెడద ఉండదు, ఇన్సూరెన్స్ మాత్రం కావాలి. నిజం చెప్పాలంటే, ఓనర్ సరేనన్నా సరే, ఆరు నెలలు ఎవరి దగ్గరైనా పనిచేసి రావడం మంచిదని నా అభిప్రాయం. సర్టిఫికెట్ పని నేర్పుతుంది. ఏడుస్తున్న కస్టమర్‌ని, గంట లేటుగా వచ్చిన కస్టమర్‌ని ఎలా సంభాళించాలో మాత్రం పక్కన సీనియర్ ఉంటేనే తెలుస్తుంది. ఇంట్లో ఆ పక్క మనిషి ఉండదు.

ఓనర్ సంతకం పెట్టి, స్థానిక ఆఫీసు నుంచి జవాబు వచ్చి, ఇన్సూరెన్స్ కాగితం చేతికందాక కుర్చీ షాపుకి ఫోన్ చేయండి. చేసే ముందు టేపు తీసుకుని మెట్ల మలుపు దగ్గర వెడల్పు కొలవండి. హైడ్రాలిక్ కుర్చీలు బాగా బరువుంటాయి, కొన్ని విడదీసి ఇవ్వరు. మీది మొదటి అంతస్తు.