పెద్ద రీఫ్ ట్యాంకుకి మారే ముందు

ప్రశ్న: నమస్తే సర్. మాది హైదరాబాద్, నిజాంపేటలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మూడేళ్లుగా రెండడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి ఎక్వేరియం) నడుపుతున్నాను, 100 లీటర్లు ఉంటుంది. ఒక జత క్లౌన్ చేపలు, ఒక గోబీ, జోవాలు, మష్రూములు, ఒక లెదర్ కోరల్ అనే మెత్తని పగడాలు ఉన్నాయి, అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఇప్పుడు ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో పెద్దది చేయిద్దామని గాజు పనివాళ్లతో మాట్లాడాను, ఈ వారం అడ్వాన్స్ ఇవ్వాలి. పాత రాళ్లు, ఇసుక అలాగే వాడుకోవచ్చా? మా పాప బ్లూ టాంగ్ చేప కావాలంటోంది, నాకేమో ఆక్రోపోరా అనే కొమ్మల రాతి పగడం పెట్టాలని ఎప్పటినుంచో కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: అడ్వాన్స్ ఇవ్వడం ఒక నెల ఆపండి. ట్యాంకు ఏ గోడకి వస్తుంది, ఆ గోడ కింద బీమ్ ఉందా, నీళ్లు ఎలా తయారుచేస్తారు, కరెంటు పోతే ఏవేవి నడవాలి, మే నెలలో ఆ గదిలో నీళ్లు ఎంత వేడెక్కుతాయి, ఇవన్నీ తేలాక గాజు కొలత తీసుకోవాలి. చాలామంది గాజు ముందు చేయించి మిగతావన్నీ దానికి సర్దుబాటు చేయబోతారు, అక్కడే డబ్బూ పోతుంది, చేపలూ పోతాయి.

బరువుతో మొదలుపెడదాం. మీరు చెప్పిన కొలతలకి 20 ఘనపు అడుగులు, అంటే 566 లీటర్లు. ఉప్పునీళ్లు లీటరుకి కిలో కంటే కాస్త ఎక్కువే తూగుతాయి కాబట్టి నీళ్లే 580 కిలోలు. 12 ఎంఎం గాజు ఇంకో వంద పైన, ఆ మీద రాళ్లు, ఇసుక, స్టాండు, కింద సంప్ అనే రెండో తొట్టిలో నీళ్లు, మొత్తం టన్నుకి దగ్గరపడుతుంది, అదంతా పది చదరపు అడుగుల చోట. ఇళ్లలో గదులకి ఐఎస్ 875 కోడ్ ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. ఆ లెక్క గదంతా పరిచినట్టు పడే బరువుకి వేసింది కాబట్టి టన్ను పెట్టగానే శ్లాబ్ కూలుతుందని కాదు, కానీ గది మధ్యలోనో బాల్కనీలోనో పెట్టే ధైర్యం మాత్రం వద్దు. బీమ్ మీద నిలిచిన గోడని ఆనుకుని పెట్టాలి, అది కూడా బిల్డింగ్ ప్లాన్ తీసుకెళ్లి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాకే.

నన్నడిగితే మీకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు సరిపోతుంది. 377 లీటర్లు వస్తుంది, అన్నీ కలిపి ఏడు వందల కిలోల లోపే. ఇప్పుడున్న దానికి నాలుగింతలు. ఎత్తు తగ్గితే చెయ్యి అడుగుదాకా అందుతుంది, లైటు కిందివరకూ దిగుతుంది. రెండడుగుల వెడల్పు మాత్రం వదులుకోకండి, రాళ్లు గోడలా పేర్చకుండా మధ్యలో గుహలు, దారులు వచ్చేట్టు అమర్చుకోవాలంటే ఆ వెడల్పే కావాలి.

సంప్ తప్పకుండా పెట్టండి, మురికిని నురగగా తీసే స్కిమ్మర్, హీటర్ అన్నీ అందులోకి పోతాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోండి: నాలుగు బై రెండు ట్యాంకులో నీటిమట్టం ఒక్క అంగుళం దిగితే 19 లీటర్లు. కరెంటు పోయి, సంప్ నీళ్లని పైకి తోసే రిటర్న్ పంపు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచుదాకా ఉన్న నీళ్లు, రిటర్న్ పైపు నోటిదాకా ఉన్న నీళ్లు సంప్‌లోకి దిగిపోతాయి. సంప్‌లో కనీసం 50 లీటర్లకి ఖాళీ లేకపోతే ఆ నీళ్లు మీ హాల్లోకీ, తర్వాత కింది ఫ్లాటు వాళ్ల సీలింగులోకీ వెళ్తాయి. రిటర్న్ పైపు నోరు నీటిమట్టానికి అంగుళం కిందే ఉంచండి. చేపల్ని వేయకముందే పంపు పది సార్లు ఆపి చూడండి.

ఇక నీళ్లు. వంటింట్లో ఉన్న ఆర్‌ఓ నీళ్లు వాడుతున్నానని చాలామంది రాస్తుంటారు. మన ఇళ్లలో పెట్టే చాలా ఆర్‌ఓ మెషీన్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) కంట్రోలర్ ఉంటుంది, అది రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. తాగడానికి అది మంచిదే, రీఫ్‌కి కాదు, ఎందుకంటే ఆ కలిసిన నీళ్లతో ఫాస్ఫేటు, సిలికేటు కూడా లోపలికి వచ్చి గోధుమరంగు పొర, జుట్టులాంటి నాచు వదలకుండా పట్టుకుంటాయి. విడిగా ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని కూడా డీఐ రెసిన్‌తో తీసేసే ఆర్‌ఓడీఐ యూనిట్ పెట్టుకోండి, చివర్లో టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. బోరు నీళ్లయితే డీఐ రెసిన్ త్వరగా అయిపోతుంది, కాబట్టి మీ బిల్డింగ్‌కి మంజీర, కృష్ణా నీళ్లు వచ్చే లైనుకి కలిపితే ఖర్చు తగ్గుతుంది, ముందు క్లోరిన్ తీసేసే కార్బన్ ఫిల్టరు మాత్రం ఉండాలి. మొదటిసారి నింపడానికి 14, 15 కిలోల ఉప్పు, తర్వాత వారానికి 40 లీటర్లు మారిస్తే కిలోన్నర.

వేడి గురించి భయపడేవాళ్లు ఎక్కువ, నిజానికి హైదరాబాద్‌ వాళ్లకి ఇందులో ఒక అదృష్టం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదుగా చిన్న ఫ్యాన్లు పెడితే ఆవిరి బాగా లేచి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, 30 దాటి అలాగే నిలబడితే పగడాలు తమలో ఉన్న నాచుని బయటికి తోసేసి తెల్లబడతాయి. ఫ్యాన్లతో ఆగకపోతే నీళ్లని చల్లబరిచే పావు హెచ్‌పీ చిల్లర్ కావాలి. దాన్ని మూసిన స్టాండులో పెట్టకండి, అది బయటికి వదిలే వేడి మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. ఫ్యాన్లు పెడితే రోజుకి తగ్గే నీళ్లు కూడా పెరుగుతాయి, ఆ లోటుని ఉప్పు కలపని శుభ్రమైన నీటితోనే నింపాలి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. ఆటో టాప్ అప్ పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

కరెంటు ఖర్చు ముందే ఇంట్లో చెప్పి ఒప్పించండి. 300 వాట్ల చిల్లర్ రోజుకి పది గంటలు నడిస్తే నెలకి 90 యూనిట్లు, 200 వాట్ల లైట్లు పది గంటలకి 60, పంపులన్నీ కలిపి 80 వాట్లయితే రాత్రీ పగలూ నడిచి 58 దాకా. వేసవిలో 200 యూనిట్లు అదనం అన్నమాట, శ్లాబు మారితే యూనిట్ రేటు కూడా మారుతుంది. ఇన్వర్టర్ మీద నీళ్లని కదిలించే వేవ్‌మేకర్, రిటర్న్ పంపు మాత్రమే పెట్టండి. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి, వేడి రోజున కొన్ని గంటల్లోనే చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి. సైన్ వేవ్ ఇన్వర్టరే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద పంపులు మోత పెడతాయి, వేడెక్కుతాయి. ఆ ప్లగ్గులన్నిటికీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టేది మీరే, రేపు మీ పాప కూడా.

మీరు ఆపే ఆ నెలలో చేయాల్సిన పని ఒకటుంది. కొత్తగా కావలసిన పొడి రాళ్లు తెచ్చి ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పునీళ్లు, ఒక పంపు, కాస్త అమ్మోనియాతో నానబెట్టండి. అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ రాళ్ల మీద ముందే పట్టి ఉంటుంది, రాయిలోంచి వదిలే ఫాస్ఫేటు కూడా చాలావరకు అక్కడే పోతుంది. ఒక సీసాడు రెడీమేడ్ బాక్టీరియా వేస్తే ఇంకా త్వరగా అవుతుంది.

పాత రాళ్లు తప్పకుండా వాడండి, మీ ట్యాంకులో అసలు ఆస్తి అవే. పాత ఇసుక పారేయండి. మూడేళ్లుగా అడుగున చేరిన మడ్డి ఒక్కసారి కదిలితే అమ్మోనియా, అడుగుపొర మందంగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు కూడా నీళ్లలో కలుస్తాయి, అది తట్టుకోలేక పోయిన ట్యాంకులు చాలా ఉన్నాయి. మార్చే రోజుకి కొత్త ట్యాంకు వారం ముందునుంచీ ఉప్పునీళ్లతో నడుస్తూ ఉండాలి, ఉప్పు వెయ్యికి 35 వంతులు, వేడి పాత ట్యాంకుతో సమానం. ముందు పాత నీళ్లు బకెట్లలోకి తోడి కోరల్స్ అందులో పెట్టండి, తర్వాత రాళ్లు తీసి ఆ నీళ్లలోనే జాడించండి, రాళ్లు లేని ట్యాంకులో చేపలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి వాటిని ఆఖరున పట్టండి. తర్వాత రెండు వారాలు రోజూ అమ్మోనియా టెస్టు చేయండి, నెలదాకా కొత్త చేప వద్దు. కొత్త లైటు 30 శాతంతో మొదలుపెట్టి నాలుగు వారాల్లో పెంచండి.

ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. జోవాలు, ముఖ్యంగా పాలిథోవాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, మనుషుల ప్రాణం తీయగలిగినంత బలమైనది. రాళ్లు మార్చేటప్పుడు వాటిని గీకాల్సి వస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, చేతి మీద గాయం ఉంటే ఆ పని వేరేవాళ్లకి ఇవ్వండి. జోవాలున్న రాయిని శుభ్రం చేద్దామని మరిగించడం, వేడినీళ్లు పోయడం, బ్రష్షుతో గట్టిగా రుద్దడం ఎప్పుడూ చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో నమోదై ఉన్నాయి. ఆ రోజు పిల్లల్ని, కుక్క ఉంటే కుక్కని, ఆ గదిలోకి రానివ్వకండి.

బ్లూ టాంగ్ విషయంలో పాపకి నచ్చజెప్పక తప్పదు. షాపులో రెండంగుళాలే ఉంటుంది, పెరిగితే అడుగు పొడవు, రోజంతా ఈదే చేప, ఆరడుగుల కంటే చిన్న ట్యాంకులో దానికి ఊపిరాడదు. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో మొదటిసారి దాన్ని ట్యాంకులో పుట్టించి పెంచగలిగారు, కానీ ఇప్పటికీ బజారుకి వచ్చేవి చాలావరకు సముద్రంలో పట్టినవే. నాలుగడుగుల్లో అంతకన్నా రంగురంగులుగా రాయల్ గ్రామా, ఫైర్ గోబీ, ఒక సిక్స్‌లైన్ రాస్ పెట్టుకోవచ్చు. రాస్‌ని మాత్రం అన్నిటికన్నా చివర వేయండి, ముందు వేస్తే తర్వాత వచ్చేవాటిని బతకనివ్వదు.

ఆక్రోపోరా వద్దు. రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం, మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష ఉంది. సముద్రపు విసనకర్రలనే పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా ఆ జాబితాలోవే. పగడపు రాయిని లైవ్ రాక్ అని అమ్మితే అదీ కొనకండి, సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రాళ్లు దొరుకుతాయి. విదేశం నుంచి వచ్చిందని షాపువాళ్లు చెబితే ఆ కాగితాలు చూపించమనండి. అరుదైన జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలోని జీవాల్ని ఉంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు కూడా వచ్చాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో పగడాలు వేడికి మళ్లీ మళ్లీ తెల్లబడుతున్న కాలమిది, అక్కడ మిగిలిన కొమ్మని విరిచి మన హాల్లో పెట్టుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. మీ దగ్గరున్న జోవాలు, మష్రూములు, లెదర్ రాతి పగడాలు కావు. వాటినే పెంచి ముక్కలు చేసి కొత్త రాళ్ల మీద అతికించండి. కాల్షియం డోసింగ్ అక్కర్లేదు, లైటు సగం చాలు, ఏడాది తిరిగేసరికి ట్యాంకు నిండిపోతుంది.

ప్రశ్న: మాది విశాఖపట్నం, బీచ్‌కి పది నిమిషాల దూరం. మూడడుగుల నుంచి నాలుగడుగులకి మారుతున్నాం. సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు మిగులుతుంది కదా అని మా ఆయన అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఒడ్డున నీళ్లు తేవద్దమ్మా. నగరంలో కాలువలన్నీ కలిసేది ఆ ఒడ్డునే, పక్కన పోర్టు ఉంది. వర్షాకాలంలో, ఆ తర్వాత కొన్నాళ్లు బంగాళాఖాతం ఒడ్డున నదుల నీళ్లు కలిసి ఉప్పు బాగా పడిపోతుంది, ఒక వారం తెచ్చిన నీళ్లు ఇంకో వారం తెచ్చినవాటిలా ఉండవు. రీఫ్‌లో జీవాలు తట్టుకోలేనిది ఆ మార్పునే. ఉప్పు ఖర్చు మిగిల్చడం కంటే చిల్లర్‌కి డబ్బు దాచుకోండి, పైన హైదరాబాద్ పాఠకుడికి చెప్పిన ఫ్యాన్ల ఉపాయం మీకు అంతగా పనిచేయదు, మీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి అంత లేవదు. మీ విషయంలో చిల్లర్ మొదటి ఖర్చు, లైట్లు రెండోది.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 40 గ్యాలన్ల నుంచి 120కి వెళ్తున్నాను. ఇల్లు నేల మీద శ్లాబే, బరువు సమస్య లేదు. జూన్‌లో నాలుగు వారాలు ఇండియా వెళ్తున్నాం. ఇప్పుడు ఏప్రిల్. వెళ్లేలోపు మార్చేయొచ్చా?

జవాబు: వచ్చాక మార్చండి. కొత్త ట్యాంకు మొదటి మూడు నెలలు రోజూ కళ్లు వేసి చూడాల్సింది, ఆ సమయంలో పక్కింటివాళ్ల మీద వదిలి వెళ్లకూడదు. ఈలోగా రాళ్లు నానబెట్టుకోండి, ప్లంబింగ్ చేసి ఖాళీ ట్యాంకుని మంచినీళ్లతో పరీక్షించుకోండి. 120 గ్యాలన్లంటే 454 లీటర్లు, రోజుకి ఒక శాతం ఆవిరైనా ఇలాంటి నాలుగు వారాల ప్రయాణానికి సుమారు 125 లీటర్ల టాప్ అప్ కావాలి, అంత డ్రమ్ముకి చోటు ఇప్పుడే చూసుకోండి. హీటరు థర్మోస్టాట్ ఇరుక్కుపోయి నీళ్లు ఉడికిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి, కాబట్టి విడిగా టెంపరేచర్ కంట్రోలర్ పెట్టండి, ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో కరెంటు ఎన్ని రోజులు పోయిందో మీకు చెప్పక్కర్లేదు, వేవ్‌మేకర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఆ బడ్జెట్లోనే కలపండి.

జూన్‌లో పాత ట్యాంకునే చూసుకునేవాళ్లకి మేత డబ్బా చేతికి ఇవ్వకండి. వారం మాత్రల డబ్బాలు నాలుగు కొని ఏ రోజు మేత ఆ గడిలో పోసి ఇవ్వండి, ఫ్రీజర్‌లో ఉన్నది అసలు ముట్టుకోవద్దని చెప్పండి. చేప ఆకలిగా ఉన్నట్టు కనిపించినా ఆ గడిలో ఉన్నదానికి మించి వేయొద్దని ట్యాంకు మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి అంటించండి.