ప్రీమియం దండగేనా అని అడిగిన మేనల్లుడికి

నానీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నీకూ, అమ్మాయికీ, పాపకీ కలిపి 10 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీకి ఏడాదికి 22 వేలు, అమ్మానాన్నలకు విడిగా 5 లక్షలకు ఇంకో 48 వేలు అన్నాడట ఏజెంటు. "ఆరేళ్లు కట్టినా రూపాయి తిరిగి రానివాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు మావయ్యా, ఆ 70 వేలు బ్యాంకులో వేసుకుంటే పోలా?" అన్నావు.

లెక్క వేద్దాం. ఏడాదికి 70 వేలు దాస్తే ఆరేళ్లకు 4 లక్షల 20 వేలు, వడ్డీతో ఇంకాస్త. కానీ అది ఆరో ఏడు చివరికి. రెండో ఏడు తిరిగేసరికి మీ నాన్నకు గుండెనొప్పి వస్తే నీ చేతిలో ఉండేది లక్షా నలభై వేలే. పాలసీ అయితే, దాని షరతులకు లోబడి, ఆ రోజుకే 5 లక్షలు నిలబడి ఉంటాయి. నువ్వు కట్టేది ఆ తేడాకి. వెనక్కి రాలేదంటే ఆ ఏడు ఇంట్లో ఎవరూ మంచం ఎక్కలేదన్నమాట, దానికి ఏడవడం దేనికి?

గుంటూరులో పంతొమ్మిదేళ్లు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో కూర్చున్నవాణ్ని. ఒకాయన మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చి, సంచిలోంచి నోట్లు తీసి లెక్కపెట్టడం ఇప్పటికీ కళ్లముందుంది. ఆ ఏడు పంట బాగానే పండింది. అంతా కౌంటర్లో కట్టి, చాలక కమీషన్ వ్యాపారికి ఫోన్ చేసి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇంకా తెప్పించాడు. నెలకు నూటికి రెండంటే ఏడాదికి ఎంతో నువ్వే చూసుకో. నాకు ప్రీమియం ఖరీదుగా అనిపించిన ప్రతిసారీ ఆ ఫోన్ కాల్ గుర్తొస్తుంది.

మీ కంపెనీ 5 లక్షల కవరేజీ ఇస్తోందన్నావు. మంచిదే, వాడుకో. కానీ ఐడీ కార్డు వెనక్కి ఇచ్చిన రోజుతో ఆ కవరేజీ కూడా పోతుంది. మానేసేటప్పుడు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడిగే వీలుంది. అయితే ఉద్యోగం పోయిన టెన్షన్లో ఆ సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? 31 ఏళ్లకు, ఏ జబ్బూ లేనప్పుడు తీసుకుంటే కొన్ని జబ్బులకు ఉండే రెండు మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ ఇవ్వని కాలం, నీకు తెలియకుండానే గడిచిపోతుంది.

ఇక అసలు విషయం, మీ నాన్న షుగర్. "ఫారంలో రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అన్నాడట ఏజెంటు. ఆ మాటతోనే నాకు ఆ మనిషి మీద నమ్మకం పోయింది. ఇది ఎక్కడ బయటపడుతుందో చెప్తాను. పేషెంటును చేర్చిన రాత్రి డ్యూటీ డాక్టరు అడుగుతాడు, "షుగర్ ఉందా? ఎన్నేళ్ల నుంచి?" పక్కనున్న భార్యో కొడుకో నిజాయితీగా "పదేళ్ల నుంచండీ" అంటారు. అది కేస్ షీటులో పడుతుంది. ఆ కాయితం బీమా కంపెనీకి వెళుతుంది. ఫారంలో లేని షుగరు కేస్ షీటులో కనపడిందంటే క్లెయిమ్ ఇవ్వమని తిప్పి పంపుతారు, పాలసీ కూడా రద్దు కావచ్చు. అలా తిరిగొచ్చిన ఫైళ్లు నా టేబుల్ మీద ఎన్నో చూశాను. కట్టిన ప్రీమియం ఆ రోజున నిజంగా దండగ.

రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెంచుతారు, పాత జబ్బుకు వెయిటింగ్ పెడతారు. 2024లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆ వెయిటింగును నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. ఆపకుండా ఐదేళ్లు కడితే, మోసం చేశారని నిరూపిస్తే తప్ప, ముందు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. అంతకుముందు ఇది ఎనిమిదేళ్లు. మీ నాన్నకు 62, ఇప్పుడు మొదలుపెడితే 65కల్లా షుగర్ తాలూకు ఖర్చులు కూడా కవరవుతాయి.

రూమ్ రెంట్ గురించి నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట మీ అత్తయ్య మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నా పాలసీ 5 లక్షలు, రూముకు రోజుకు అందులో ఒక శాతం, అంటే 5 వేలే ఇస్తారు. ఆవిడ నొప్పితో మూలుగుతుంటే, "సింగిల్ రూమే ఖాళీ ఉంది, 8 వేలు" అన్నారు. రోజుకు మూడు వేలే కదా తేడా, మనం వేసుకుందాం అనుకున్నాను. ఇన్నేళ్లు కౌంటర్లో అందరికీ చెప్పిన నేనే!

నాలుగు రోజులకు బిల్లు 2 లక్షల 40 వేలు. అందులో మందులు, టెస్టులు, లోపల పెట్టిన ప్లేటు కలిపి 90 వేలు. వాటికి కోత ఉండదు. మిగతా లక్షా యాభై వేలు, అంటే రూము, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, అన్నిటికీ 8 వేలకు 5 వేల నిష్పత్తిలోనే ఇచ్చారు. నా జేబులోంచి పోయింది 56,250. రూము తేడా 12 వేలే, మిగిలిన 44 వేల పైచిలుకు ఆ రూము తెచ్చిన కోత. అందుకే పాలసీ చూసేటప్పుడు మొదట రూమ్ రెంట్ పరిమితి లేనిది చూడు. దానికోసం రెండు మూడు వేలు ఎక్కువైనా ఫరవాలేదు. తర్వాత కో-పే ఉందేమో చూడు. 20 శాతం కో-పే అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు నీదే.

70 వేలు భారమైతే తగ్గించుకునే దారి ఉంది. మీ ముగ్గురికీ 10 లక్షల బదులు 5 లక్షలది తీసుకుని, పైన సూపర్ టాప్-అప్ పెట్టుకో. మొదటి 5 లక్షలు దాటాకే అది పనిచేస్తుంది కాబట్టి చవగ్గా వస్తుంది. "సూపర్" అన్న మాట ఉందో లేదో చూసుకో. ఉత్త టాప్-అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కలిపి లెక్కిస్తుంది. ఇంకో ఊరట, 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీలపై 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అయినా ప్రీమియం వయసుతోపాటు పెరుగుతూనే ఉంటుంది. 60 దాటినవాళ్లకు ఏడాదిలో పది శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి, అంతవరకు నయం.

అమ్మమ్మకు మాత్రం ఏ ప్రీమియమూ వద్దు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఆధార్ పట్టుకెళితే చాలు. మన ఊరి ఆస్పత్రి ఆ కార్డు చెల్లే జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కో, అంబులెన్సులో కూర్చుని కాదు.

డిశ్చార్జ్ రోజున సాయంత్రం దాకా కూర్చోబెడతారని అందరూ కంపెనీలనే తిడతారు. ఫైనల్ బిల్లు వచ్చాక మూడు గంటల్లో కంపెనీ తేల్చాలని రూలుంది. కానీ పొద్దున పదింటికి డాక్టరు "వెళ్లొచ్చు" అన్న ఫైలు మధ్యాహ్నం మూడింటిదాకా మా టేబుళ్ల మీదే పడి ఉండటం నాకు తెలుసు. ఫైలు ఎప్పుడు పంపారని బిల్లింగ్ వాళ్లను అడుగుతూ ఉండు, మొహమాటపడకు. అన్యాయంగా కాదన్నారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. అప్పటికీ తేలకపోతే హైదరాబాద్‌లోనే బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ఆ ఏజెంటు నింపిన ఫారం మీద సంతకం పెట్టకుండా ముందు నాకు వాట్సాప్ చెయ్యి. మీ నాన్న పాత ప్రిస్క్రిప్షన్లు కూడా తీసి పెట్టు. షుగర్ బయటపడింది ఏ సంవత్సరమో మీ అమ్మను అడుగు, బావ చెప్పేది నమ్మకు. ఆయన ఇప్పటికీ "ఏదో బోర్డర్లో ఉంది" అనే అంటాడు.

మీ మావయ్య