బొమ్మకు కూర్చున్నవాళ్ళను రెండుసార్లు అడుగు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

కాన్పులయిన ఆడవాళ్ళ ఒళ్ళు ఉన్నది ఉన్నట్టు గీసి హనుమకొండలో ప్రదర్శన పెడతావట. చెబుతుంటే మీ నాన్న గొంతు వణికింది. నాకూ భయమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది సంతోషంతోనే. నల్లగా ఉన్నానని తన ఫొటోలన్నీ చింపేసుకున్న పిల్లవు నువ్వు!

గదికి లోపలి గడియ ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతి ఇవ్వు. లేచే ముందు పాదాల చుట్టూ సుద్దతో గీస్తే మళ్ళీ అదే భంగిమ కుదురుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

రామప్ప గుడికి మళ్ళీ వెళ్ళు. 1213 నాటి ఆ మదనికలను, అంటే సన్నని ఆడవాళ్ళ శిల్పాలను చూసి, నీ నడుము అలా లేదని చిన్నప్పుడు ఏడ్చావు. ఆ నల్లరాతి బొమ్మలు స్తంభానికీ చూరుకూ మధ్య ఏటవాలుగా నిలబడాలి, ఆ చోటుకు తగిన పొడవు వాటిది. అది మనకు కొలత ఎలా అవుతుంది? తోట వైకుంఠం గారి బొమ్మలూ చూడు. బూరుగుపల్లిలో పుట్టిన ఆయన తెలంగాణ పల్లె ఆడవాళ్ళను నల్లటి మేనితో, నిండైన భుజాలతో, పెద్ద బొట్టుతో గీశారు. ఎవరినీ తెల్లగా మార్చలేదు, సన్నగా చెక్కలేదు.

ఇక నన్ను కలతపెడుతున్న సంగతి. నాతోపాటు బొమ్మలు నేర్చుకున్న ఒకాయన, వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకామె వీపు గీశాడు. స్టవ్ మంటకు కాలిన వీపు. "నా వీపు నేనెన్నడూ చూసుకోలేదు, గీసి చూపించు" అని ఆమే కూర్చుంది. బొమ్మ చూసి, మచ్చ ఆకు ఆకారంలో ఉందని మురిసిపోయింది. ఆయన ఆ మురిపెమే అనుమతి అనుకుని బొమ్మను ప్రదర్శనలో పెట్టాడు. పక్కకు తిరిగిన ముఖం, ముక్కుపుడక చూసి వాడకట్టంతా గుర్తుపట్టింది. ఆమె కొడుకు ఎవరితోనో కొట్లాడి వచ్చాడు. ఆమె మాత్రం బొమ్మ ముందు నిలబడి ఒక్కటే అడిగింది: "నాకు చూపించమన్నాను గానీ ఊరికి చూపించమన్నానా?" ఆ తర్వాత మండుటెండల్లో కూడా భుజాల నిండా కొంగు కప్పుకునే మగ్గం మీద కూర్చునేది.

అప్పుడు గోడ మీంచి దించితే బొమ్మ దిగింది. ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోను ఉంటుంది. అందుకే కూర్చోబెట్టే ముందు ఒకసారి, బొమ్మ పూర్తయ్యాక మరోసారి అడుగు. ముఖం ఉండాలా వద్దా వాళ్ళనే చెప్పమను, కాగితం మీద రాయించుకో. ప్రదర్శనకు ముందురోజు వద్దన్నా దించెయ్యి. అప్పుడు ముఖం చిట్లించావో, అందరి ముందే చెవి మెలిపెడతాను.

మీ అమ్మను బలవంతపెట్టకు, తనకు బిడియం. నేను కూర్చుంటాను. ఆపరేషన్ కోత, వాచిన కీళ్ళు, ముఖం, అన్నీ గీయి. మీ మామయ్యకు నేనే చెప్పుకుంటాను. నేల మీద కూర్చోలేను, చేతుల కుర్చీ ఒకటి తెప్పించు.

మీ అత్తయ్య