తొలి క్రైస్తవులు శరీరాన్ని పాపంగా చూశారా?

తొలి శతాబ్దాల క్రైస్తవులకు శరీరమన్నా దాంపత్యమన్నా అసహ్యమా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది చర్చి నీడలోనే. యవ్వనస్థుల కూటాల్లో "శరీర కార్యములు" అనే మాట వినగానే ఆడపిల్లలమంతా ఓణీలు సర్దుకునేవాళ్లం. ప్రసంగం జారత్వం దగ్గర మొదలై అక్కడే ఆగేది. ఆ భయం ఎంతగా పట్టుకుందంటే, పెళ్లయిన కొత్తలో రేపు చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం) ఉందంటే శనివారం రాత్రి వేరే గదిలో పడుకునేదాన్ని. మావారు పాపం ఏమీ అనేవారు కాదు.

చాలా ఏళ్ల తర్వాత పోస్టులో వేదాంత పాఠాలు తెప్పించుకుని చదువుతూ అపొస్తలుడు పౌలు రాసిన గలతీ పత్రిక ఐదో అధ్యాయాన్ని నిదానంగా చూశాను. "శరీర కార్యముల" పట్టిక ఉన్నది అక్కడే. ఆ పట్టికలో ద్వేషం, కలహం, కక్షలు, అసూయ కూడా ఉన్నాయి. వీటికి ఒంటితో ఏం పని? పౌలు అక్కడ వాడిన గ్రీకు మాట సార్క్స్. దేవునికి ఎదురు తిరిగే మనిషి స్వభావమంతా అందులోకి వస్తుంది. ఒంటికి ఆయన వాడే మాట సోమా. పరిశుద్ధాత్మకు ఆలయమని కొరింథీయులకు రాసింది ఆ సోమా గురించే. మన తెలుగు బైబిలు అక్కడ "దేహము" అంటుంది. (మా సంఘంలో శరీర కార్యాల మీద గొంతెత్తే పెద్దల్లో సగం మంది తమ్ముళ్లతో మాటల్లేనివారే. అది వేరే సంగతి.)

ఒళ్లే చెడ్డదన్నవారు ఆ రోజుల్లో లేకపోలేదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు, కాపురం మానుకోనివారికి బాప్తిస్మమే ఇవ్వలేదు. సంఘం అతన్ని వెలివేసింది. అలెగ్జాండ్రియా నగరంలో బోధించిన క్లెమెంటు ఇలాంటివారికి జవాబుగా పెళ్లిని గట్టిగా సమర్థించాడు. నాలుగో శతాబ్దంలో గంగ్రాలో (ఇప్పటి టర్కీలో ఉంది) కూడిన బిషప్పుల సభ ఇంకా సూటిగా చెప్పింది: భర్తతో కాపురం చేసే భక్తురాలు పరలోక రాజ్యానికి తగదని నిందించేవాడే శాపగ్రస్తుడు. సభ పెట్టిన మొట్టమొదటి నియమం ఇదే. ఆ రాత్రి దీన్ని మావారికి చదివి వినిపించాను. "ఇది పదహారు వందల ఏళ్ల కిందటే తేల్చేశారా!" అన్నారు.

అలాగని బ్రహ్మచర్యానికే పెద్దపీట వేసినవారు తక్కువేమీ కాదు. కన్యకూ ఇల్లాలికీ దేవుని దగ్గర ఒకే విలువ అన్నందుకు జొవీనియను అనే సన్యాసిని రోములో ఖండించారు. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన పండితుడు జెరోము 393లో అతని మీద ఎంత ఘాటుగా రాశాడంటే, జెరోము స్నేహితుడే ఆ ప్రతులను వెనక్కి తెప్పించే ప్రయత్నం చేశాడు.

నా పేచీ మాత్రం ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీనుతో. పెళ్లి మంచిదేనని ఆయన ఒప్పుకున్నాడు, అందులో మూడు మేళ్లు చెప్పాడు: బిడ్డలు, నమ్మకం, విడదీయరాని బంధం. అయితే ఆదాము పతనం తర్వాత కోరిక మనసు మాట వినడం మానేసిందని, దంపతుల మధ్య కూడా అందువల్ల కలిగే సిగ్గు తప్పదని అన్నాడు. ఇటలీలోని ఎక్లానం బిషప్పు జూలియను ఎదురు నిలిచి, కోరిక దేవుడిచ్చిన సహజ గుణమేనని వాదించాడు. పశ్చిమ దేశాల సంఘం అగస్టీను మాటే పట్టుకుంది. మా కూటాల్లోని భయానికి వేరు అక్కడే ఉందని నా అనుమానం. ఆయన క్రైస్తవుడు కాకముందు ఏళ్ల తరబడి ఒక స్త్రీతో కలిసి జీవించాడు. ఆమెను పంపించేసినప్పుడు గుండె చీలి రక్తమోడిందని తన ఆత్మకథ "కన్ఫెషన్స్"లో తనే రాసుకున్నాడు. కొడుకు పేరు అదియోదాతు అని చెప్పాడు. ఆ తల్లి పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.