సన్నని చానెల్‌లో రెండు ద్రవాలు కలవట్లేదంటే ముందు ఫ్లో రేట్ లెక్క చూడండి, డిజైన్ సంగతి తర్వాత

మీ ప్రశ్న చదివానండి. మైక్రోఫ్లూయిడిక్ చిప్ (అతి సన్నని చానెళ్ళలో ద్రవాలు పంపే చిన్న పలక), వై ఆకారం జంక్షన్, 200 మైక్రాన్ల వెడల్పు, 100 మైక్రాన్ల లోతు, రెండు వైపులా కలిపి నిమిషానికి 10 మైక్రోలీటర్లు, ఒక పక్క ప్రొటీన్ ఇంకో పక్క డై అంటే రంగు, సర్పెంటైన్ అంటే పాములా మెలికలు తిరిగే వంపులు కూడా పెట్టారు, అయినా చివరిదాకా మధ్యలో గీత గీసినట్టు పక్కపక్కనే పోతున్నాయి, ఫ్లో పెంచితే కలుస్తాయా అని అడిగారు. ఆ చిప్‌లో కొంచెం పెంచితే ఇంకా తక్కువ కలుస్తాయి. నేను కొన్నేళ్ళుగా లిపిడ్ నానోపార్టికల్స్ (కొవ్వు పదార్థాలతో చేసే అతి చిన్న కణాలు) తయారీ కోసం ఇలాంటి మిక్సర్లు గీసి, అచ్చు పోసి, వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా, పెద్దదైపోతే ఏమీ అనుకోకండి.

మీ అంకెలే పెట్టి చూద్దాం. ఆ సైజు చానెల్‌లో నిమిషానికి 10 మైక్రోలీటర్లంటే ద్రవం సెకనుకి 8 మిల్లీమీటర్లు కదులుతుంది, రెనాల్డ్స్ నంబర్ (ద్రవం ఊపుకీ చిక్కదనానికీ ఉన్న నిష్పత్తి) 1 దగ్గర వస్తుంది. పైపుల్లో టర్బులెన్స్ 2000 దాటాక కదా, మీరు దానికి చాలా కింద ఉన్నారు, వాటంతట అవి సుడులు పుట్టే ప్రశ్నే లేదు. ఇక కలవడానికి మిగిలింది డిఫ్యూజన్ ఒక్కటే, అంటే మాలిక్యూల్స్ తమంతట తాము మెల్లగా పాకడం. ఫ్లోరెసిన్ లాంటి చిన్న డైకి డిఫ్యూజన్ కోఎఫిషియంట్ (ఎంత వేగంగా పాకుతుందో చెప్పే అంకె) సెకనుకి 400 చదరపు మైక్రాన్ల దాకా ఉంటుంది, అది చానెల్‌లో సగం వెడల్పు అంటే 100 మైక్రాన్లు దాటాలంటే 100 స్క్వేర్‌ని 400కి రెట్టింపు అంటే 800తో భాగించండి, 12 సెకన్ల పైనే పడుతుంది, ఈలోపు ద్రవం 10 సెంటీమీటర్లు ముందుకెళ్ళిపోతుంది. బీఎస్‌ఏ (ల్యాబుల్లో మామూలుగా వాడే ఆల్బుమిన్) లాంటి ప్రొటీన్ అయితే కోఎఫిషియంట్ 60 దగ్గరే, దానికి 80 సెకన్లు దాటుతుంది, పొడవు 70 సెంటీమీటర్ల చేరువలోకి పోతుంది. మీ చిప్ మొత్తం పొడవు 3 సెంటీమీటర్లన్నారు, మరి కలవకపోవడంలో ఆశ్చర్యం ఏముంది చెప్పండి. ఫ్లో రెట్టింపు చేస్తే ఈ పొడవులు కూడా రెట్టింపు అవుతాయి, ఎందుకంటే డిఫ్యూజన్‌కి కావాల్సింది టైమ్, ఆ టైమ్ మీరు తగ్గించేస్తున్నారు.

సర్పెంటైన్ గురించి చాలామంది ఇదే అనుకుంటారు, వంపు తిరిగితే కలుస్తుంది అని. వంపులో పక్కకి తోసే ఫ్లో పుట్టాలంటే డీన్ నంబర్ (రెనాల్డ్స్ నంబర్‌లో వంపు ఎంత బిగువో కూడా కలిపిన లెక్క) ఓ 10 అయినా ఉండాలి. మీ చిప్‌లో వంపు రేడియస్ 1 మిల్లీమీటర్ అనుకుంటే అది 0.3 కూడా రాదు. కాబట్టి మీ దగ్గర సర్పెంటైన్ చేస్తున్న పని పొడవైన చానెల్‌ని తక్కువ చోట్లో మడిచి పెట్టడం, అంతే. అదీ తక్కువ పనేం కాదు లెండి. మీకు స్పీడ్ అక్కర్లేదు, చివర్లో కలిసుంటే చాలు అనుకుంటే ఫ్లోని నిమిషానికి 1 మైక్రోలీటర్‌కి దించేయండి, డైకి 1 సెంటీమీటర్ సరిపోతుంది, ఏ కొత్త డిజైనూ అక్కర్లేదు. పైగా రెండిట్లో ఒకటి చిన్న మాలిక్యూల్ కాబట్టి రియాక్షన్ మొదలవ్వడానికి అది ప్రొటీన్ వైపుకి పాకితే చాలు, ప్రొటీన్ కదిలేదాకా ఆగక్కర్లేదు.

స్పీడ్ కావాలంటే మాత్రం చేయాల్సింది ఒకటే, దూరం తగ్గించడం. టైమ్ దూరానికి స్క్వేర్‌లో తగ్గుతుంది, ఇది ఈ సబ్జెక్ట్ మొత్తంలో మనకున్న పెద్ద వరం. మధ్యలో ఒక ద్రవం, రెండు పక్కల నుంచి ఇంకో ద్రవంతో నొక్కి, మధ్య పాయని 200 నుంచి 10 మైక్రాన్లకి సన్నబరిస్తే 12 సెకన్ల పని 30 మిల్లీసెకన్లకి వచ్చేస్తుంది. కానీ అలా నొక్కడానికి పక్క ద్రవం చాలా ఎక్కువ పోయాలి, మీకు కావాల్సింది సగం సగం కాబట్టి అది కుదరదు. అప్పుడు మిగిలింది పొరలు పొరలుగా మడవడం, తాపేశ్వరం మడత కాజాకి పిండి పలచగా సాగదీసి మీద మీద మడిచినట్టు, ప్రతి మడతకీ పొర సన్నమవుతుంది, పొరలు పెరుగుతాయి, డిఫ్యూజన్ దాటాల్సిన దూరం తగ్గిపోతూ ఉంటుంది.

ఈ మడత పనిని కదిలే భాగమేదీ లేకుండా చేసేదే స్టాగర్డ్ హెరింగ్‌బోన్ మిక్సర్. 2002లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ గ్రూప్ నుంచి స్ట్రూక్, ఇంకా కొందరు కలిసి సైన్స్ జర్నల్‌లో వేశారు. చానెల్ ఒక గోడ మీద వి ఆకారంలో ఏటవాలు గ్రూవ్స్ అంటే గాడులు ఉంటాయి, ప్రెజర్‌తో ముందుకు పోయే ద్రవం ఆ ఏటవాలుకి తగిలి పక్కకి కూడా జరుగుతుంది, దాంతో అడ్డంగా ఎదురెదురు తిరిగే రెండు సుడులు వస్తాయి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. ఇక్కడే అసలు కిటుకు, వి కొస చానెల్ మధ్యలో ఉండదు, వెడల్పులో మూడింట రెండొంతుల దగ్గర ఉంటుంది, కొన్ని గ్రూవ్స్ అయ్యాక అది ఇంకో పక్కకి మారుతుంది, పెద్ద సుడి చిన్నదవుతుంది చిన్నది పెద్దదవుతుంది. ఈ మార్పు లేకపోతే ద్రవం అదే దారిలో తిరుగుతూనే ఉంటుంది గానీ కొత్త మడతలు రావు. మార్పు ఉంటే రెనాల్డ్స్ నంబర్ 1 కంటే తక్కువలో కూడా కెయోటిక్‌గా, అంటే మళ్ళీ మళ్ళీ సాగి మడతపడేలా, సాగుతుంది. దీని గొప్పతనం ఏంటంటే ఫ్లో పది రెట్లు పెంచినా కావాల్సిన పొడవు పది రెట్లు పెరగదు, లాగరిథమ్ లెక్కన కొంచెమే పెరుగుతుంది.

మీ కేసుకి నేనైతే ఇలా గీస్తా: చానెల్ అలాగే ఉంచి, గ్రూవ్ వెడల్పు 50 మైక్రాన్లు, రెండు గ్రూవ్స్ మధ్య పిచ్ 100, ఏటవాలు 45 డిగ్రీలు, లోతు 30 మైక్రాన్లకి తగ్గకుండా, 6 గ్రూవ్స్‌కి ఒకసారి కొస పక్క మార్చడం, మొత్తం పొడవు 2 సెంటీమీటర్లు. గ్రూవ్ లోతు దగ్గర పిసినారితనం వద్దు, చానెల్ ఎత్తులో పదో వంతు లోతు పెడితే పక్కకి తోసే బలం చాలదు.

ఒక్క విషయం అడగాలి, మీ ద్రవంలో సెల్స్ ఉన్నాయా? ఉంటే హెరింగ్‌బోన్ వాటిని గోడల వైపు తోస్తుంది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు 2010లో రక్తంలో తిరిగే క్యాన్సర్ సెల్స్‌ని పట్టుకోవడానికి సరిగ్గా ఈ గుణాన్నే వాడుకున్నారు. వాళ్ళకి అది లాభం, మీకు చిప్ మూసుకుపోవడం.

ఫ్లో ఎక్కువైతే కథ వేరు. అదే చానెల్‌లో నిమిషానికి 1 మిల్లీలీటర్ పంపితే రెనాల్డ్స్ నంబర్ 110 దాటుతుంది, ఇందాకటి 1 మిల్లీమీటర్ వంపులో డీన్ నంబర్ 28 వస్తుంది, ఇప్పుడు వంపులు నిజంగానే పనిచేస్తాయి. ఎదురెదురుగా ఢీకొట్టే టీ జంక్షన్‌లో కూడా రెనాల్డ్స్ నంబర్ సుమారు 150 దగ్గర, కొలతల్ని బట్టి అటూ ఇటూగా, రెండు పాయలూ ఒకదాన్నొకటి చుట్టేసుకోవడం మొదలవుతుంది. మా లిపిడ్ పనిలో ఇది రోజూ కళ్ళెదుట కనిపిస్తుంది, ఇథనాల్‌లో లిపిడ్లు ఒక వంతు, పీహెచ్ 4 బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏ మూడు వంతులు, మెల్లగా కలిస్తే లిపిడ్లకి పెద్ద పెద్ద ముద్దలుగా చేరే టైమ్ దొరుకుతుంది, వేగంగా కలిస్తే పార్టికల్ చిన్నగా, అన్నీ ఒకే సైజులో వస్తాయి, ఒక హద్దు దాటాక ఇంకెంత వేగం పెంచినా సైజు మారదు. ఇథనాల్ నీళ్ళు కలిపేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి, సగం సగానికి దగ్గర్లో ఆ మిశ్రమం చిక్కదనం విడివిడిగా రెండిటికంటే ఎక్కువ, నీటికి రెండు రెట్లు దాటుతుంది, ప్రెజర్ లెక్క నీటితో వేస్తే తప్పుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యం అని నేననుకునేది, కలిసిందా లేదా ఎలా చూస్తున్నారు? పైనుంచి మైక్రోస్కోప్‌లో నీలం పసుపు పోసి పచ్చగా కనిపిస్తే కలిసినట్టే అని రాసేస్తుంటారు. పైనుంచి చూస్తే లోతంతా కలిపి ఒకే రంగుగా కనిపిస్తుంది. నీలం కింద పొర, పసుపు పై పొర, అసలు కలవకుండా ఉన్నా పచ్చగానే ఉంటుంది. హెరింగ్‌బోన్‌లో ఈ మోసం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మొదటి కొద్ది గ్రూవ్స్‌లోనే ద్రవాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కాన్‌ఫోకల్ (లోతులో ఒక్కో పొరనీ విడిగా చూపించే మైక్రోస్కోప్) దొరికితే అడ్డకోత చూడండి. దొరక్కపోతే కలిస్తేనే రంగు వచ్చే జత వాడండి, ఐరన్ నైట్రేట్, పొటాషియం థయోసయనేట్ విడివిడిగా లేతగా ఉంటాయి, కలిస్తే ముదురు ఎరుపు. అదే చిప్‌లో ముందే బయట బాగా కలిపిన ద్రవం నింపి ఒక ఫొటో, ఒట్టి నీళ్ళతో ఒక ఫొటో తీసి పెట్టుకుని మీ ఎరుపు ఆ రెండిటి మధ్య ఎక్కడుందో కొలవండి. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ మాత్రం ఆపేయండి, లేకపోతే ప్రతి ఫొటోనీ అదే సరిచేసి మీకు ఒకే ఎరుపు చూపిస్తుంది.

సిమ్యులేషన్‌లో పూర్తిగా కలిసినట్టు వచ్చిందన్నారు కదా, మెష్ (లెక్క కోసం చానెల్‌ని కోసిన చిన్న గడులు) సైజు ఎంత? మీ స్పీడ్‌కి 5 మైక్రాన్ల మెష్, ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ అనే సింపుల్ లెక్క పద్ధతి వాడితే సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలిపే దొంగ డిఫ్యూజన్ స్పీడ్ ఇంటూ మెష్ సైజులో సగం దాకా ఉంటుంది, అంటే సెకనుకి 20,000 చదరపు మైక్రాన్లు, మీ డై అసలు విలువకి 50 రెట్లు. స్క్రీన్ మీద కలిపింది మీ డిజైన్ కాదు, మెష్. ఇలాంటి రంగు బొమ్మలు పేపర్లలో కనిపించినా నాకు మనసొప్పదు. మంచి దారి ఏంటంటే ఫ్లో ఒక్కటే సాల్వ్ చేయండి, అది మామూలు మెష్‌తో కూడా బాగానే వస్తుంది, తర్వాత డిఫ్యూజన్ లేకుండా వేలకొద్దీ పార్టికల్స్‌ని ఆ ఫ్లోలో వదిలి ప్రతి సైకిల్ (వి కొస ఇటు, అటు ఒక్కోసారి ఉండే గ్రూవ్స్ వరస) చివర అడ్డకోతలో ఎక్కడ పడుతున్నాయో చుక్కలు పెట్టండి. మడతలు పడుతున్నాయా, ఏ మూల అయినా కలవని ముద్ద మిగిలిపోతోందా కళ్ళకి కనిపిస్తుంది.

పంప్ సంగతి కూడా చెప్పాలి. మీరు 10 మిల్లీలీటర్ల సిరంజి వాడుతుంటే దాని లోపలి వ్యాసం 14.5 మిల్లీమీటర్లు దగ్గర, నిమిషానికి 10 మైక్రోలీటర్లకి ప్లంజర్ కదిలేది కేవలం 60 మైక్రాన్లు. స్టెప్పర్ మోటర్ అంత మెల్లగా తిరిగితే అడుగు అడుగుకీ ఆగి కదులుతుంది, జంక్షన్ దగ్గర రెండు రంగుల మధ్య గీతని జూమ్ చేసి ఒక నిమిషం చూస్తే అది అటూ ఇటూ ఊగడం కనిపిస్తుంది. 1 మిల్లీలీటర్ సిరంజికి మారితే ప్లంజర్ దాదాపు పది రెట్లు కదులుతుంది, ఊగడం బాగా తగ్గుతుంది.

తయారీలో కష్టం రెండో లేయర్ అలైన్‌మెంట్. అచ్చు చేయడానికి చానెల్‌కి ఒక ఎస్‌యూ-8 (వెలుగు పడ్డచోట గట్టిపడే పాలిమర్) లేయర్, దాని మీద గ్రూవ్స్‌కి ఇంకో లేయర్, రెండోది స్పిన్ చేసేసరికి, అంటే గిర్రున తిప్పి పలచగా పరిచేసరికి, కింద అలైన్‌మెంట్ మార్కులు కనపడవు. స్పిన్ చేసే ముందు ఆ మార్కుల మీద చిన్న టేప్ ముక్క అతికించి, తర్వాత పీకేస్తే శుభ్రంగా కనిపిస్తాయి. 50 మైక్రాన్ల గ్రూవ్‌కి ఖరీదైన క్రోమ్ మాస్క్ (ఎక్కడ వెలుగు పడాలో గీసిన పలక) అక్కర్లేదు, మంచి ఫిల్మ్ మాస్క్ చాలు. మీ కాలేజీలో క్లీన్‌రూమ్ లేదన్నారు, ఐఐఎస్సీ బెంగళూరు, ఐఐటీ బాంబేల్లో ఐఎన్‌యూపీ అనే స్కీమ్ కింద బయటి స్టూడెంట్స్‌ని కూడా తీసుకుంటారు, మీ గైడ్‌తో అప్లై చేయించండి. అచ్చు ఒక్కసారి చేతికొస్తే తర్వాత పీడీఎంఎస్ అనే పారదర్శక సిలికోన్ రబ్బర్‌ని, పది వంతులకి గట్టిపరిచే ద్రవం ఒక వంతు కలిపి ఎన్ని చిప్‌లైనా మీ ల్యాబ్‌లోనే పోసుకోవచ్చు.

చివరగా బుడగలు. గ్రూవ్ మూలల్లో గాలి ఇరుక్కుంటే ఆ గ్రూవ్ లేనట్టే. మొదట చిప్‌ని ఇథనాల్‌తో నింపండి, అది మూలల్లోకి తేలిగ్గా వెళ్తుంది, తర్వాత మెల్లగా నీళ్ళతో కడగండి, మీ బఫర్‌ని ముందే వాక్యూమ్‌లో గాలి తీసేసి ఆ తర్వాతే ప్రొటీన్ కలపండి, లేకపోతే నురగొస్తుంది. మాస్క్ డ్రాయింగ్ అయ్యాక ఇక్కడ కొలతలు పెట్టండి, ఆర్డర్ ఇచ్చే ముందు నేనూ ఒకసారి చూస్తాను.