మెక్సికోలో ఎల్ శాంతో స్మారకంగా జరిగిన కుస్తీ ప్రదర్శన ఏమిటి? ముసుగుకు అంత ప్రాధాన్యం ఎందుకు?

మెక్సికో నగరంలోని అరేనా మెహికోలో ‘ఓమెనాహే ఆ దోస్ లెయెందాస్’ (ఇద్దరు దిగ్గజాలకు నివాళి) కుస్తీ ప్రదర్శన 1999లో ఆరంభమైనప్పుడు, నిర్వాహక సంస్థను 1933లో స్థాపించిన సాల్వదోర్ లుతెరోత్‌తో పాటు వెండి ముసుగు మల్లుడు ఎల్ శాంతోకు కూడా నివాళి అర్పించారు. 1942 నుంచి ఆ పేరుతో బరిలోకి దిగిన శాంతో, 1984 జనవరిలో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ముసుగును కాస్త పైకెత్తి ముఖంలో కొంత భాగం మాత్రమే చూపించారు. ఫిబ్రవరి 5న గుండెపోటుతో మరణించిన ఆయనను ఆ ముసుగుతోనే ఖననం చేశారు.

లూచా లిబ్రే అనే మెక్సికో కుస్తీలో ముసుగే మల్లుని పరువు. అందుకే ఈ ప్రదర్శనలో ప్రధాన పోటీగా తరచూ ముసుగునో జుట్టునో పందెం ఒడ్డే కుస్తీని పెడతారు. నా దృష్టిలో శాంతోకు ఇంతకన్నా తగిన గౌరవం లేదు. ముసుగు పందెంలో ఓడినవారు బరిలోనే దాన్ని విప్పి, అసలు పేరు వెల్లడించాలి.