మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో మోహర్ కొండచరియలకు

డబ్లిన్ నుంచి ఒక్కరోజులో అమ్మకు ఐర్లాండ్ పడమటి తీరంలోని సముద్రపు కొండచరియలు, క్లిఫ్స్ ఆఫ్ మోహర్ చూపించగలనా, మోకాళ్ల నొప్పులతో నడవగలదా అని అడిగారు కదండీ. నిశ్చింతగా తీసుకెళ్లండి. కారులో మూడు గంటల పైనే పడుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. ఆ చరియలు పడమటి వైపు తిరిగి ఉంటాయి. ఎండ వాటి మీద పడేది మధ్యాహ్నం దాటాకే, అందుకే దారిలో తొందరేం లేదు.

విజిటర్ సెంటర్ దగ్గర చదునైన దారి ఉంది, 214 మీటర్ల దాకా ఉండే చరియల ఎత్తు అక్కణ్ణించే తెలుస్తుంది. ఎత్తు మీదున్న రాతి బురుజు, ఓబ్రయన్ టవర్ వైపు ఎక్కించకండి. గొడుగు వద్దు, గాలికి తిరగబడిపోతుంది. మా అమ్మ చీర కొంగు మొహానికి చుట్టుకుపోయి ఒక్క అడుగు వేయలేకపోయింది. కోటు జిప్పు మెడదాకా లాగాకే కుదుటపడింది. దారి పక్క నిలబెట్టిన రాతిపలకల మీద పాము మెలికల్లాంటి గీతలు అమ్మగారికి తప్పక చూపించండి. 30 కోట్ల ఏళ్లకు పైబడిన జీవుల జాడలవి.

ఫోటో కోసం మాత్రం ఆ పలకలు దాటొద్దు, అంచు కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది.